అంచు లేని పంచ

బైరగొండపల్లిలో పొద్దు మొదలయ్యేది తిమ్మక్క ఇస్త్రీ బండి దగ్గర. ఆరు గంటలకల్లా ఆమె బొగ్గులు రాజేసి, ఇత్తడి పెట్టె నింపి, నీళ్ళ చెంబు పక్కన పెట్టుకునేది. ఏడింటికి హోసూరు ఫ్యాక్టరీ బస్సు వచ్చేలోపు యూనిఫారాలు అయిపోవాలి. తర్వాత టీచరమ్మల చీరలు, బ్యాంకువాళ్ళ చొక్కాలు. పది దాటాక పంచలు. ఊళ్ళో రాజకీయం చేసే మగవాళ్ళందరి పంచలూ ఆ బల్ల మీదే చదును కావాలి కనుక, ఎవరు ఏ పార్టీలో ఎంత లోతుగా మునిగారో అందరికంటే ముందు తిమ్మక్కకు తెలిసేది.

ఎందుకంటే ఆ ప్రాంతంలో అంచు పంచలు ఎవరూ కొనరు. అంగడిలో దొరికేది ఉత్త తెల్ల పంచే. మనిషి పార్టీలో చేరి, జెండా మోసి, ఆరు నెలలు గొంతు చించుకుంటే అంచు దానంతటదే వస్తుంది. మొదట ఒక్క దారం, తర్వాత గీత, మనసు కుదిరేకొద్దీ నాలుగు వేళ్ళ వెడల్పు. ఊదా పసుపు కలిసింది ఒక పార్టీది, ఎరుపు మీద ఆకుపచ్చ ఇంకొక పార్టీది. పంచ మార్చి లుంగీ కట్టినా, స్నానానికి తువ్వాలు చుట్టుకున్నా, ఆ రంగు నడుం దగ్గర్నుంచి దిగి అంచుకు చేరుతుంది. ఆడవాళ్ళకైతే చీర అడుగున వస్తుంది. ఊదా పసుపు పార్టీ మహిళా విభాగం సుధామణికి నైటీకి కూడా వచ్చింది. సోడాకు పోదు, బ్లీచింగుకు పోదు. పార్టీ మీద మనసు విరిగిన రోజు మాత్రం ఉతక్కుండానే పోతుంది. దీని గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడుకోరు. పెళ్ళి సంబంధానికి వెళ్ళినప్పుడు మాత్రం వియ్యంకుడి పంచ వైపు ఒకసారి చూస్తారు.

తిమ్మక్కకు పని నేర్పింది ఆమె అత్త. ఆ ముసలామె పెట్టె ఎలా పట్టుకోవాలో చెప్పకముందే ఒక మాట చెప్పింది. బట్టలో కనబడింది బయట చెప్పకూడదు. జేబులో ఉత్తరం దొరికినా, కాలరు మీద మరక కనబడినా, మడిచి ఇచ్చెయ్యడమే మన పని. తిమ్మక్క ముప్పై ఏళ్ళుగా ఆ మాట తప్పలేదు. భర్త సోమప్ప పోయాక కూడా జనం ఆమెకే బట్టలు వేస్తున్నారంటే అందుకే.

ఆమె ఇల్లు కాలవ గట్టు మీద ఉండేది. చెరువు నుంచి పొలాలకు నీళ్ళు పోయే కాలవ అది. పొలాలు ప్లాట్లయ్యాక కాలవలో నీళ్ళు పారడం మానేశాయి, గట్టు మీద నలభై మూడు ఇళ్ళు మిగిలాయి. యాభై ఏళ్ళుగా ఉంటున్నారు కానీ ఒక్క ఇంటికీ పట్టా లేదు. తిమ్మక్క ఇంటి ముందు గదిలో నందిత అద్దెకుండేది. కదిరి నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల. తిమ్మక్కను పెద్దమ్మా అని పిలిచేది, షిఫ్టు నుంచి రాగానే చెప్పులు విడవకుండానే సంకటి కుండలో చెయ్యి పెట్టి తిట్లు తినేది. ఆ తిట్లు ఇద్దరికీ ఇష్టమే.

ఇక శేషప్ప. గట్టుకు ఎదురు వీధిలో ఉండే మనిషి, ఆ వార్డుకు పార్టీ కార్యదర్శి. యాభై ఏళ్ళ వయసులో ముప్పై పార్టీకే పోయాయి. కుర్రతనంలో మైదా జిగురు కలిపి గోడలకు పోస్టర్లు అంటించాడు. కృష్ణగిరిలో సభ అంటే ఇక్కణ్ణుంచి లారీల్లో జనాన్ని ఎక్కించేది ఆయనే, తిరుగుదారిలో ఒక తల తగ్గితే గురుబరపల్లి టీ కొట్ల దాకా వెతుక్కుంటూ పోయేదీ ఆయనే. వేదిక మీద ఆయనకు ఏనాడూ కుర్చీ వెయ్యలేదు. మెట్ల దగ్గర నిలబడి, పైకెక్కే పెద్దల చెప్పులకు కాపలా ఉన్నాడు. ఊదా పసుపు అంచు ఆయన పంచ మీద నాలుగు వేళ్ళు కాదు, జానెడు ఉండేది. ఆయనకున్న విద్య ఒక్కటే. వార్డులో ప్రతి మనిషి పేరూ, ఏ ఇంట్లో ఎందరో, ఎవరికి ఏ జబ్బో, కాగితం చూడకుండా చెప్పగలడు. చావైనా పెళ్ళైనా పిలవకుండా వచ్చి పందిరి గుంజ పట్టుకునేవాడు. అంత మాత్రానికే జనం ఆయన్ను మంచివాడు అనుకున్నారు. నిజానికి ఆయన నలుగురిలో లేకపోతే ఊపిరాడని మనిషి, అంతే.

మునిసిపల్ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఈసారి టికెట్టు శేషప్పకే అన్నారు. ప్రతిసారీ ఇంకొకరికి ఇచ్చారు. నాలుగోసారి ఆయన ఇస్త్రీ పంచ కట్టుకుని కృష్ణగిరి జిల్లా ఆఫీసుకు పోయి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. చివరికి జిల్లా సెక్రటరీ పళ్ళు కుట్టుకుంటూ బయటికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"శేషప్పా, నువ్వు ఇంటి మనిషివి. ఇంటి మనిషికి ఎవరన్నా ఆకేసి వడ్డిస్తారా? నువ్వే వడ్డించల్లప్పా. ధనశేఖర్ కొత్తగా వచ్చినాడు. ఆయనకు మర్యాద చేసేది మన ధర్మం కదా?"

ధనశేఖర్ పార్టీలో చేరి మూడు నెలలే. లేఅవుట్లు వేసే మనిషి. పంచ మీద అంచు ఇంకా సరిగ్గా రానే లేదు, ఒక్క ఊదా దారం మాత్రం అటో ఇటో అన్నట్టు ఉండేది. కాలవ అవతల అతను వేసిన లేఅవుటుకు దారి లేదు. దారి రావాలంటే గట్టు మీద ఇళ్ళు పోవాలి. అందుకని అతనికి ఆ వార్డు కావలసి వచ్చింది.

శేషప్ప బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని బైరగొండపల్లి వచ్చేదాకా ఏడ్చాడు. దిగేసరికి పంచ తెల్లగా ఉంది.

మర్నాడు ఆ పంచ తిమ్మక్క బల్ల మీదికి వచ్చింది. ఆమె అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెలుతురుకు పట్టి చూసింది. జానెడు అంచు ఉన్న చోట ఒక్క దారం లేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె అత్త మాట తప్పింది. పంచ చేతిలో పట్టుకుని గట్టు పొడవునా ఇంటింటికీ నడిచింది.

"చూడండ్రా, చూడండి. పొయ్యింది. మొత్తం పొయ్యింది. మనిషి కడుపు ఎంత కాలిపోతే ఇట్లా పోతాది చెప్పండి."

నాలుగో రోజు శేషప్ప ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడు. బక్కెట్టు గుర్తు వచ్చింది. తెల్ల పంచ కట్టుకుని గట్టు మీదికి వచ్చి, తిమ్మక్క బండి పక్కనే నిలబడి మాట్లాడాడు. మైకు లేదు, వెనక జెండా లేదు.

"నాకు ఇప్పుడు ఎవురూ లేరు. మీరే. గెలిపిస్తే నలభై మూడు ఇండ్లకు పట్టా తెస్తాను. తేలేకపోతే కూడా, ధనశేఖర్ రోడ్డుకు మాత్రం చెయ్యెత్తను. మా అమ్మ మీద ఒట్టు."

నందిత తలుపు చాటు నుంచి విని పెదవి విరిచింది. "అందరూ అట్లే అంటారు పెద్దమ్మా. మా ఊర్లో ఒకాయన గుడ్లోనే ఒట్టేసినాడు."

"నోటి మాట ఎవురు నమ్మినారే? నేను గుడ్డను నమ్మినాను. గుడ్డ అబద్ధం చెప్పదు."

గట్టు మీద పెద్దమనిషి కేశవప్ప కూడా ఆ మాటే అన్నాడు. రోజూ పొద్దున శేషప్ప పంచ ఇస్త్రీకి వచ్చేది, రోజూ ఎవరో ఒకరు వచ్చి అంచు చూసి పోయేవారు. తెల్లగానే ఉంది. వయసులో ఉన్నవాళ్ళు తమ ప్లాస్టిక్ బక్కెట్లను కర్రలకు కట్టి ఊరేగారు. ధనశేఖర్ బిర్యానీ పొట్లాలు పంచాడు. గట్టు జనం బిర్యానీ తిని బక్కెట్టుకు ఓటేశారు. శేషప్ప మూడొందల పైన ఓట్లతో గెలిచాడు. ఆ సాయంత్రం తిమ్మక్క బండి చుట్టూ చేరి ఆమెకు కూడా ఒక దండ వేశారు. ఆమె సిగ్గుపడి దాన్ని తీసి బొగ్గుల సంచి మీద పెట్టింది.

కథ ఇక్కడ ఆగిపోయినా బాగుండేది. కానీ ఊళ్ళో ఇరవై ఒక్క వార్డులు ఉన్నాయి. ఊదా పసుపు పార్టీకి పది వచ్చాయి, ఎరుపు ఆకుపచ్చ పార్టీకి పది వచ్చాయి. మిగిలిన ఒక్కడూ శేషప్ప. పది రోజుల్లో కౌన్సిలర్లు ఛైర్మన్‌ను ఎన్నుకోవాలి. గట్టు జనానికి లెక్క తేలిగ్గానే అర్థమైంది. పాత పార్టీకి ఛైర్మన్ దక్కితే ధనశేఖర్ రోడ్డు తీర్మానం మొదటి సమావేశంలోనే పాసవుతుంది. శేషప్ప రెండో వైపు చెయ్యి కలిపితే గట్టు నిలుస్తుంది. రెండో పార్టీవాళ్ళు పట్టాల సంగతి చూస్తామని అప్పటికే చెప్పిపోయారు కూడా.

గెలిచిన సంబరం రెండు రోజుల్లో చల్లారింది. శేషప్పకు ఇంట్లో తోచలేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, తెల్ల పంచ కట్టుకుని, పోవడానికి చోటు లేక వరండాలో కూర్చునేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ వేళకు పార్టీ ఆఫీసు టీ తాగిన మనిషి. పాత స్నేహితులు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయారు. రెండో పార్టీవాళ్ళు పిలిచి మర్యాదగా కూర్చోబెట్టారు కానీ వాళ్ళ జోకులు ఆయనకు అర్థం కాలేదు, వాళ్ళ పాటలు ఆయనకు రావు. గట్టు జనం పొద్దునా సాయంత్రం వచ్చి దణ్ణం పెట్టారు. దణ్ణం పెట్టేవాళ్ళతో ఎంతసేపు మాట్లాడగలడు? ఒకరోజు పాత పార్టీ వ్యాను మైకులో పాట వేసుకుంటూ వీధిలోంచి పోయింది. ఆయన పెదవులు వాటంతటవే కదిలాయి. భార్య నాగవేణి వంటింట్లోంచి చూసి మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

అయిదో రోజు జిల్లా సెక్రటరీ ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన తనంతట తాను శేషప్పకు ఫోన్ చెయ్యడం అదే మొదలు. పదవి మాట ఎత్తలేదు, ఓటు మాట ఎత్తలేదు.

"శేషప్పా, తిన్నావాప్పా?" అన్నాడు.

"తిన్నాను తలైవరే," అన్నాడు శేషప్ప, నాయకుణ్ణి పార్టీలో పిలిచే పాత అలవాటుతో. ఫోన్ పెట్టేసి, గోడకు ఆనుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కాడు. డబ్బు తీసుకుని ఉంటే ఆయన్ను తిట్టుకోవడానికి కొంచెం వీలుండేది. ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు. తిన్నావా అని అడిగితే చాలనుకునే మనిషిని ఏమని తిడతాం?

మర్నాడు పది గంటలకు తిమ్మక్క పంచ పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె ఎత్తి ఆగిపోయింది. కింది అంచులో ఊదా దారం ఒకటి మెరిసింది. వేలితో గీకింది. గోరుకు తగిలింది కానీ ఊడలేదు. పంచ చుట్టి చంకలో పెట్టుకుని శేషప్ప ఇంటికి పోయింది.

"ఇదేందప్పా?"

శేషప్ప చూశాడు. ఆయన నిజంగానే ఉలిక్కిపడ్డాడు. "నాకు తెల్దక్కా. నేను ఏమీ అనుకోలేదు. నా మనసులో ఏమీ లేదు."

"లేకపోతే ఇది యాడ నుంచి వచ్చింది?"

"ముప్పై ఏండ్ల అలవాటు కదక్కా. బీడీ మానేసినోడికి దగ్గు ఉండదా? రెండు దినాలు ఉండి పోతాది. నేను మీ పక్కనే ఓటేస్తానని చెప్పినాను, వేస్తాను. ఒట్టేసినాను కదా." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది గట్టోళ్ళకు తెలిస్తే నన్ను బతకనియ్యరు. వాళ్ళు కూడా పోతే నాకు ఎవురుండారక్కా?"

ఆ మాట తిమ్మక్కను పడగొట్టింది. సోమప్ప చనిపోయిన రోజు పాడె ముందు పట్టిన చెయ్యి ఇదే. ఆమె పంచ వెనక్కి తీసుకుంది. దారిలో నడుస్తూ అత్త మాట గుర్తుచేసుకుంది. బట్టలో కనబడింది బయట చెప్పకూడదు. ఎంత సులువుగా గుర్తొచ్చిందో! నెల రోజుల కిందట అదే మాట ఆమెకు గుర్తుకు రానేలేదు.

బండి దగ్గరికి వచ్చి, అంచును ఒక మడత లోపలికి మడిచి, గంజి చల్లి, పెట్టె గట్టిగా నొక్కింది. పంచ మళ్ళీ తెల్లగా అయింది. కాసేపటికి కేశవప్ప వచ్చి, "ఎట్లుండాది తిమ్మక్కా?" అని అడిగాడు.

"ఎట్లుంటాది? పాల మాదిరి ఉండాది," అంది. అబద్ధం చెప్పిన మంట గుండెల్లో తెలిసింది. ఆ మంటను కూడా శేషప్ప మీద నమ్మకమే అనుకుంది.

మరుసటి రోజుకు దారం గీత అయింది. ఆ తర్వాత వేలు వెడల్పు అయింది. ఆమె రోజూ మడత పెంచుకుంటూ పోయింది. తొమ్మిదో రోజుకు నాలుగు వేళ్ళు మడవాల్సి వచ్చి పంచ పొట్టిదైపోయింది. శేషప్ప చీలమండలు బయటపడ్డాయి. గట్టు మీద ఎవరో, కౌన్సిలరయ్యాక మన శేషప్ప పొడుగు పెరిగినాడురా, అని నవ్వారు. తిమ్మక్క కూడా వాళ్ళతో కలిసి నవ్వింది.

నందిత ఒక్కతే నవ్వలేదు. "పెద్దమ్మా, నువ్వు రెండు దినాలుగా సంకటి తినలేదు. ఏమన్నా ఉండాదా?"

"ఎండ. బొగ్గుల ఎండ."

"ఉంటే చెప్పు. ఇంకా టైముంది. అందరూ పోయి ఆయన ఇంటి ముందర కూచుంటే, చూస్తా చూస్తా అటు పోలేడు."

తిమ్మక్క చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచింది కూడా. కానీ చెబితే, ఇన్ని రోజులు ఎందుకు దాచావని అడుగుతారు. మెడలో దండ వేసి ఇంకా పది రోజులు కాలేదు. "ఏమీ లేదు పోవే," అంది.

ఛైర్మన్ ఎన్నిక రోజు పొద్దున గట్టు జనం పనులు మానుకుని శేషప్పను మునిసిపల్ ఆఫీసు దాకా నడిపించుకుపోయారు. తప్పెట కొట్టారు, కర్పూరం వెలిగించారు, ఆడవాళ్ళు గుమ్మడికాయ దిష్టి తీశారు. ఆయన మెడ నిండా దండలు, కింద పొట్టి తెల్ల పంచ. గేటు దగ్గర తిరిగి చూసి అందరికీ దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం కూడా నిజమైనదే. ఓటు పెట్టె ముందు నిలబడేదాకా ఆయన తన మాట నిలబెట్టుకుంటాననే అనుకున్నాడు. లోపల పాత స్నేహితులు పదిమంది వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. ముప్పై ఏళ్ళలో ఆయన కోసం వేసిన మొదటి కుర్చీ అది.

రహస్య ఓటింగే. అరగంటలో పదకొండు, పది అని చదివారు. ఎవరు ఎటు వేశారో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. శేషప్ప మెట్లు దిగుతుంటే పంచ మడత ఒక్కొక్కటిగా విడిపోయింది. గంజి ఆగలేదు, ఇస్త్రీ ఆగలేదు. ఊదా పసుపు అంచు జానెడు దాటి మోకాలి దాకా పాకింది. తప్పెట కొట్టేవాడి చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ఆ సాయంత్రమే శేషప్పను వైస్ ఛైర్మన్ చేశారు.

గట్టు జనం ఆయన మీద రాళ్ళు వేస్తారని ఊరు అనుకుంది. వెయ్యలేదు. ఆయనకు అప్పటికే పోలీసు కాపలా ఉంది. అంచు మీద ఇస్త్రీ మడతలు నాలుగు వరసలుగా అచ్చుపడి ఉండటం మాత్రం అందరూ చూశారు. అలా మడిచే చెయ్యి ఊళ్ళో ఒక్కటే.

కేశవప్ప వచ్చి బండి మీద ఉన్న తన చొక్కాలు, ఇస్త్రీ కానివి, తీసుకుని పోయాడు. వెనకే ఒక్కొక్కరూ వచ్చి తమ బట్టలు ఏరుకున్నారు. రాత్రి ఏడింటికల్లా బల్ల ఖాళీ అయింది.

నందిత గుమ్మంలో నిలబడి ఉంది. "పోయినప్పుడు ఊరంతా తిరిగి చెప్పినావే పెద్దమ్మా. వచ్చినప్పుడు ఏల చెప్పలేదు?"

బట్టలో కనబడింది బయట చెప్పకూడదు అని తిమ్మక్క మొదలుపెట్టింది కానీ, ఆ మాట తన చెవులకే అసహ్యంగా వినబడి ఆగిపోయింది.

నెల తిరక్కుండా జేసీబీలు వచ్చాయి. ఖాళీ చెయ్యడానికి రెండు గంటలు ఇచ్చారు. అధికారి చేతిలో జాబితా తప్పులతడకగా ఉంది, ఎవరి ఇల్లు ఏదో తేలలేదు. అప్పుడు శేషప్పను పిలిపించారు. ఆయన గొడుగు నీడలో నిలబడి, కాగితం చూడకుండా, మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా పేర్లు పిలిచాడు. సోమప్ప భార్య తిమ్మక్క, ఒక మనిషి. కేశవప్ప, అయిదుగురు, ముసలామెకు మోకాళ్ళు రావు, ఆమెను ముందు ఎక్కించండి. పేరు పిలవగానే ఒక్కొక్కరూ అలవాటుగా పలికారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఒక్క పేరు కూడా మరిచిపోలేదు. మధ్యాహ్నానికి గట్టు చదునైపోయింది. సామాన్లతో పాటు మనుషుల్ని లారీల్లో ఎక్కించి, గురుబరపల్లి దాటాక హైవే పక్కన కట్టిన నాలుగంతస్తుల బ్లాకుల ముందు దించారు.

అక్కడ నీళ్ళు రోజు విడిచి రోజు. ఫ్యాక్టరీ బస్సు అటు రాదు. సగం మంది పనులు పోయాయి. ముసలివాళ్ళకు మూడో అంతస్తు, నాలుగో అంతస్తు ఇచ్చారు. నందిత అద్దె మనిషి కనుక ఆమెకు ఇల్లే రాలేదు. కేశవప్ప వాళ్ళు ఒక మూల చాప వేసుకోనిచ్చారు. తిమ్మక్కతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె బిందె పెడితే కాలితో పక్కకు నెట్టారు. ఆమె దాన్ని ఎత్తుకుని వరస చివరికి పోయింది. తనకు తగిన శాస్తే అనుకుంది. దానివల్ల ఆమె మనసుకు కొంచెం శాంతిగా కూడా ఉండేది.

నాలుగో రోజు పొద్దున చీర జాడించి తీగ మీద వేస్తుంటే అడుగున ఏదో మెరిసింది. ఊదా దారం. ఆమె దాన్ని గోటితో గీకింది. పార్టీ ఆఫీసు గడప తొక్కలేదు, జెండా పట్టలేదు, ఒక్క నినాదం ఇవ్వలేదు. కానీ పార్టీకి ఛైర్మన్ పదవి వచ్చింది ఆమె మడత వల్లే. అంచుకు ఆ లెక్క తెలుసు. కత్తెర తెచ్చి కోసేసింది. మధ్యాహ్నానికి వేలు వెడల్పున మళ్ళీ వచ్చింది. ఇంకొక చీర కట్టింది. దానికీ వచ్చింది. పాత దుప్పటి చుట్టుకుని కూర్చుంటే దానికీ వచ్చింది. సాయంత్రానికి బ్లాకు మొత్తం చూసింది. కేశవప్ప భార్య నేల మీద ఉమ్మి లోపలికి పోయింది.

మర్నాడు నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఆ అంచు చూసి చేతిలోని బీడీ పారేశాడు. "అమ్మా, మీరు వరసలో ఏల నిలబడినారు?" అని ఆమె బిందె ముందు నింపాడు. ఇళ్ళు పంచే అధికారి కుర్చీలోంచి లేచాడు. మూడో అంతస్తు తాళంచెవి వెనక్కి తీసుకుని, రోడ్డు వైపు కింది ఇల్లు ఇచ్చాడు. ఆమె వద్దని చేతులు జోడించింది. "పైనే ఉంటాను సార్, అందరితో పాటు ఉంటాను." ఆయన అది పెద్దల వినయం అనుకుని ఇంకా వంగాడు. వారం తిరిగేసరికి సుధామణి కారులో వచ్చి శాలువా కప్పి, బ్లాకుల మహిళా కార్యదర్శి అని ప్రకటించి, ఫోటో తీసుకుని పోయింది. తిమ్మక్కను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత జనం రావడం మొదలైంది. మొదట రాత్రంతా ఆలోచించుకుని కేశవప్ప వచ్చాడు. తల్లిని కింది అంతస్తుకు మార్పించమని కాగితం తెచ్చాడు. తర్వాత రేషను కార్డులు, పింఛన్లు, కరెంటు మీటర్లు. ఉమ్మిన మనిషే వచ్చి చీర కొంగు నడుముకు చుట్టుకుని, వంగి, గడప బయట నిలబడింది. తిమ్మక్క సంతకం పెట్టిన ప్రతి కాగితం పనిచేసింది. పెట్టకుండా ఉండలేకపోయింది. పెట్టకపోతే కేశవప్ప తల్లి మూడంతస్తులు పాకాలి. పెట్టిన ప్రతిసారీ అంచు ఇంకొంచెం వెడల్పయింది.

చివరికి నందిత వచ్చింది. చేతిలో దరఖాస్తు ఉంది. పనిపోయి చిక్కిపోయింది. తిమ్మక్క ఒక్క ఉదుటున లేచి, "రావే, లోపలికి రా, సంకటి ఉండాది, వేడిగా ఉండాది," అంది. సంతోషంతో అప్పుడే కంచం కూడా తీసింది.

నందిత చెప్పులు గడప బయట విడిచింది. రెండు చేతులతో కాగితం ముందుకు చాచింది. చూపు చీర అంచు మీద ఆగి, అక్కణ్ణుంచి పైకి రాలేదు.

"అద్దెకున్నోళ్ళకు కూడా ఒక ఇల్లు ఇప్పిస్తే పుణ్యముంటాదమ్మగారూ," అంది.

"అమ్మగారు ఏందే? పెద్దమ్మా అనవే. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి అను. లేకుంటే తిట్టు. దాచినావని తిట్టు."

నందిత వెనక నిలబడ్డ జనం వైపు ఒకసారి చూసి, తల వంచుకుంది.

"అట్లేనమ్మగారూ," అంది. "మీరెట్ల చెప్తే అట్ల."